ఏమీ జరగని రాత్రి: ‘ఐస్ వైడ్ షట్’ మీద పాతికేళ్ల గొడవ

(ఒక ఫిల్మ్ సొసైటీ నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసినది.)

అందరికీ నమస్కారం.

పోయిన ఆదివారం ఇదే హాల్లో దర్శకుడు స్టాన్లీ కుబ్రిక్ ఆఖరి సినిమా ‘ఐస్ వైడ్ షట్’ వేశాం. 159 నిమిషాల సినిమా. మధ్యలో ఇంటర్వెల్ ఇవ్వలేదు. అయిపోయి లైట్లు వేశాక, ముందు వరసలో కూర్చున్న పెద్దాయన ఒకరు నా దగ్గరికి వచ్చి, "ఇంతేనాండీ?" అని అడిగారు. ఆయన గొంతులో కోపం లేదు. ఇంకా ఏదో రావాలి, రాలేదు అన్నట్టు అడిగారు. ఆయన ఇవాళ కూడా వచ్చారు, చాలా సంతోషం. ఈ వారమంతా నేను ఆ ప్రశ్న గురించే ఆలోచించాను. ఎందుకంటే 1999 జూలైలో అమెరికాలో ఈ సినిమా చూసి బయటికి వచ్చినవాళ్లు అడిగిందీ అదే.

అక్కడ సినిమాస్కోర్ అని ఒక సంస్థ ఉంది. సినిమా విడుదలైన రోజు థియేటర్ల దగ్గర నిలబడి, బయటికి వచ్చేవాళ్ల చేతికి కార్డులిచ్చి మార్కులు వేయిస్తుంది. మామూలుగా ప్రేక్షకులు ఉదారంగానే వేస్తారు. టికెట్ కొని ఇష్టంగా వెళ్లినవాళ్లు కదా, ఓ మాదిరి సినిమాకి కూడా బీ ఇస్తారు. జూలై 16న విడుదలైన ఈ సినిమాకి డి మైనస్ ఇచ్చారు. అదే వారాంతంలో సినిమా 2 కోట్ల 17 లక్షల డాలర్లు వసూలు చేసి మొదటి స్థానంలో నిలబడింది. అంటే జనం ఎగబడి వెళ్లారు, వెళ్లి మొహం మాడ్చుకుని బయటికి వచ్చారు. చివరికి అమెరికాలో ఐదున్నర కోట్ల డాలర్ల దగ్గర ఆగిపోయింది. ప్రపంచం మొత్తం మీద లెక్క వేస్తే 16 కోట్లు దాటింది. వచ్చిన డబ్బులో మూడింట రెండొంతులు అమెరికా బయటి నుంచే వచ్చింది.

ఇంత ఎగబడటం ఎందుకు, అంత కోపం ఎందుకు? దీనికి జవాబు సినిమాలో కాదు, సినిమాకి ముందు నడిచిన మూడేళ్లలో ఉంది.

కుబ్రిక్ అంతకుముందు తీసిన సినిమా 1987లో వచ్చింది. ఆ తర్వాత పన్నెండేళ్లు ఏమీ లేదు. 1996 నవంబర్‌లో ఈ సినిమా షూటింగ్ మొదలైంది. టామ్ క్రూజ్, నికోల్ కిడ్‌మన్. అప్పటికి హాలీవుడ్‌లో వాళ్లకన్నా పేరున్న దంపతులు లేరు. నిజజీవితంలో భార్యాభర్తలు తెర మీద కూడా భార్యాభర్తలుగా నటిస్తున్నారు. కథేంటో ఎవరికీ తెలియదు, సెట్‌లోకి ఎవర్నీ రానివ్వరు. షూటింగ్ 1998 జూన్ దాకా సాగింది. ఆగకుండా నాలుగు వందల రోజులు నడిచిన షూటింగ్ అని గిన్నిస్ బుక్కులోకి ఎక్కింది. మధ్యలో హార్వీ కైటెల్ వెళ్లిపోయి సిడ్నీ పొలాక్ వచ్చాడు. జెన్నిఫర్ జేసన్ లీ నటించిన భాగాన్ని మరో నటితో మళ్లీ తీశారు. ఒక్కో వార్తకి పది పుకార్లు. లోపల ఏదో చూడకూడనిది తీస్తున్నారన్న మాట ఖాయమైపోయింది.

1999 మార్చి 1న కుబ్రిక్ తన కాపీని న్యూయార్క్ పంపి నలుగురికి చూపించాడు. క్రూజ్, కిడ్‌మన్, వార్నర్ బ్రదర్స్ పెద్దలు ఇద్దరు. మార్చి 7న ఇంగ్లండ్‌లో తన ఇంట్లో నిద్రలోనే గుండెపోటుతో పోయాడు. 70 ఏళ్లు. సౌండ్ మిక్సింగ్ లాంటి పనులు ఇంకా మిగిలే ఉన్నాయి. కొద్ది రోజులకే లాస్ వెగాస్‌లో థియేటర్ యజమానుల సభలో చిన్న టీజర్ వేశారు. నిలువుటద్దం ముందు భార్యాభర్తలు, ఒంటి మీద బట్టల్లేవు, వెనక క్రిస్ ఐజక్ పాట. అంతే. ఆ నిమిషంన్నర ప్రపంచమంతా తిరిగింది. సినిమా రాకముందే సినిమా ఏమిటో జనం మనసులో తేలిపోయింది.

ఇక్కడ మీకొకటి చూపించాలనుంది. ఆ అద్దం సీన్ సినిమాలో చాలా చిన్నది. పార్టీ నుంచి వచ్చాక భర్త దగ్గరికి వస్తాడు, మెడ మీద ముద్దు పెడతాడు. ఆమె ఏం చేస్తుంది? కాసేపు అతన్ని దగ్గరికి తీసుకుంటుంది. తర్వాత ఆమె కళ్లు అద్దం వైపు తిరుగుతాయి. ఒళ్లు ఇక్కడే ఉంది, మనిషి ఇంకెక్కడో ఉంది. పోస్టర్ మీద వేసింది కూడా ఆ చూపే. కోట్లమంది ఆ బొమ్మ చూశారు. రెండు ఒళ్లని చూశారు, ఆ చూపుని చూడలేదు. రాబోయే సినిమా మొత్తం ఆ చూపులో ఉంది.

అప్పటి పరిస్థితి ఇంకొంచెం చెప్పుకోవాలి. 80లు, 90లలో ఎరాటిక్ థ్రిల్లర్ అనేది హాలీవుడ్‌లో బాగా నడిచిన సరుకు. ‘ఫేటల్ అట్రాక్షన్’ 1987, ‘బేసిక్ ఇన్‌స్టింక్ట్’ 1992. రెండోదానికి శాన్‌ఫ్రాన్సిస్కోలో షూటింగ్ జరుగుతుండగానే, స్వలింగ సంపర్కుల్ని హంతకులుగా చూపిస్తున్నారని వీధుల్లో నిరసనలు జరిగాయి. ఆ రకం సినిమాకి ఒక పద్ధతి ఉంది. మగాడు గీత దాటతాడు, ఎదురుగా ప్రమాదకరమైన ఆడది ఉంటుంది, పడకగది ఉంటుంది, కత్తి ఉంటుంది. మనకి సుఖమూ చూపిస్తారు, శిక్షా చూపిస్తారు. టికెట్ డబ్బులు రెండు విధాలా గిట్టుబాటు. 1999లో హాల్లో కూర్చున్నవాళ్లు ఆ అలవాటుతోనే కూర్చున్నారు.

కుబ్రిక్ వాళ్లకి ఏం ఇచ్చాడు? 1926లో వచ్చిన ఒక చిన్న వియన్నా నవలని ఇచ్చాడు. ఆర్థర్ ష్నిట్స్‌లర్ రాసిన ‘ట్రౌమ్‌నోవెల్’, కల కథ అని చెప్పుకోవచ్చు. ష్నిట్స్‌లర్ స్వయంగా డాక్టర్. అదే ఊళ్లో ఉన్న ఫ్రాయిడ్ 1922లో ఆయన అరవయ్యో పుట్టినరోజుకి ఉత్తరం రాస్తూ, ఇన్నాళ్లూ మిమ్మల్ని కలవకుండా తప్పించుకున్నాను, మీలో నా ప్రతిరూపం కనిపిస్తుందని భయం అన్న అర్థంలో రాశాడు. కుబ్రిక్‌కి ఈ కథ మీద 1960ల చివర్నుంచే మనసు. ముప్ఫై ఏళ్లు మోసి, ఫ్రెడరిక్ రాఫెల్‌తో కలిసి స్క్రిప్టు రాసుకున్నాడు. వియన్నా న్యూయార్క్ అయింది. కార్నివాల్ రోజులు క్రిస్మస్ అయ్యాయి.

ఒక చిన్న మార్పు నాకు చాలా ఇష్టం. కథలో భర్త ఒక డాక్టర్, ఒక రాత్రి ముసుగులు వేసుకున్నవాళ్ల రహస్య సభలోకి దూరతాడు. నవలలో ఆ సభలోకి వెళ్లడానికి సంకేతపదం ‘డెన్మార్క్’. భార్య మనసు మరొకడి మీదికి పోయిన ఊరు డెన్మార్క్‌లోనే. ఆ పేరు చెబితే గాని భర్తకి తలుపు తెరుచుకోదు. సినిమాలో అది ‘ఫిడేలియో’ అయింది. బీథోవెన్ ఒపెరా పేరు. జైల్లో ఉన్న భర్తని కాపాడుకోవడానికి మగవేషం వేసుకుని వెళ్లిన భార్య కథ అది. పాతివ్రత్యం పేరు చెప్పి ఆ ఇంట్లోకి అడుగు పెడతాడు మన డాక్టర్.

ఇక అసలు సంగతి. పడకగది సీన్.

డాక్టర్ బిల్ (క్రూజ్), అతని భార్య ఆలిస్ (కిడ్‌మన్) గంజాయి తాగి మాట్లాడుకుంటారు. మాట మాట పెరుగుతుంది. ఆడవాళ్లు అలా ఆలోచించరు, నువ్వు నా భార్యవి, నా బిడ్డకి తల్లివి, నీ మీద నాకు నమ్మకం అంటాడు బిల్. ఆమె పగలబడి నవ్వుతుంది. వంగిపోయి, నేల మీద కూలబడి నవ్వుతుంది. తర్వాత కిటికీ కింద కూర్చుని, గొంతు తగ్గించి చెబుతుంది. కిందటి వేసవిలో కేప్ కాడ్‌లో, హోటల్లో, ఒక నౌకాదళ ఆఫీసర్. అతను ఆమెని ఒక్కసారి చూశాడు. అంతే, మాట్లాడలేదు, ముట్టుకోలేదు. ఆ క్షణంలో అతను పిలిచి ఉంటే నిన్నూ, కూతుర్నీ, నా భవిష్యత్తు మొత్తాన్నీ వదిలేసి వెళ్లిపోయేదాన్ని అంటుంది. అదే సమయంలో నువ్వంటే నాకు ఎప్పుడూ లేనంత ప్రేమగా కూడా ఉంది అంటుంది. మంచం అంచున కూర్చున్న బిల్ నోట మాట రాదు. ఫోన్ మోగుతుంది.

ఏం జరిగింది ఇక్కడ? ఏమీ జరగలేదు. పరాయి మగాడు లేడు, ఉత్తరం లేదు, దొంగతనంగా కలుసుకోవడం లేదు. ఒక ఆలోచన ఉంది, అంతే. కాని టాక్సీలో కూర్చున్న దగ్గర్నుంచి బిల్ తన తలలో ఆ ఆఫీసర్నీ ఆలిస్‌నీ చూస్తూనే ఉంటాడు, రంగు వెలిసిన బొమ్మల్లో. ప్రతిసారీ ఆ ఊహ ఇంకొంచెం ముందుకు వెళ్తుంది. జరగని దానికి తనే సీన్ల మీద సీన్లు తీసుకుంటాడు. ఈ సినిమాలో అన్నిటికన్నా బూతు బొమ్మ ఏదైనా ఉంటే అది భర్త తలకాయలో తయారైనదే.

ఆ తర్వాత రాత్రంతా అతను చేసేదేమిటి? లెక్క సరిచేసుకోవడానికి బయల్దేరతాడు. చచ్చిపోయిన పేషెంటు కూతురు ప్రేమిస్తున్నానంటుంది, ఏమీ జరగదు. వీధిలో ఒక అమ్మాయి తన గదికి తీసుకెళ్తుంది, ఇంటి నుంచి ఫోన్ వస్తుంది, ఏమీ జరగదు. ఆ రహస్య సభ జరిగే పెద్ద భవనంలోకి ముసుగు వేసుకుని వెళ్తాడు, గది గది తిరిగి చూస్తాడు, పట్టుబడతాడు. చూడటం తప్ప ఏమీ చేయడు. మర్నాడు మళ్లీ అవే చోట్లకి వెళ్తే ప్రతి తలుపూ మూసుకుపోయి ఉంటుంది.

ఇప్పుడు ఆ ‘ఇంతేనా’ దగ్గరికి వస్తాను. ఆ రాత్రి టికెట్ కొనుక్కుని వచ్చిన ప్రేక్షకుడూ, తెర మీద బిల్ హార్ఫర్డూ ఒకే పని మీద బయల్దేరారు. ఇద్దరికీ ఎవరో ఏదో చూపిస్తామన్నారు. ఇద్దరూ డబ్బులు చెల్లించారు, గది గది తిరిగారు, చివరికి ఏమీ దొరక్క ఇంటికి వచ్చారు. డి మైనస్ ఇచ్చిన ఆ మనిషికి ఈ సినిమా అర్థం కాలేదని చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. బిల్ పడిన నిరాశ ఎలాంటిదో అతను ఒళ్లంతా అనుభవించాడు. ఆ నిరాశ సినిమాలోని లోపం అనుకున్నాడు. నాకు మాత్రం సినిమా అతనికి ఇవ్వదలుచుకున్నది అదే అనిపిస్తుంది.

నేను మొదటిసారి ఈ సినిమా చూసింది విశాఖలో, హాస్టల్లో. వీసీడీ రోజులు. ఒక గదిలో ఎనిమిది మందిమి. రిమోటు ఒకడి చేతిలో ఉంది, మాటలు వచ్చిన చోటల్లా ముందుకు తోసేశాడు. ముసుగుల సీన్ దగ్గర ఆపాడు, అది అయిపోయాక మళ్లీ తోశాడు. నలభై నిమిషాల్లో సినిమా పూర్తయింది. పడకగది సీన్ మేము చూడనేలేదు. ఇద్దరు మనుషులు కూర్చుని మాట్లాడుకోవడమేగా అని దాటేశాం. పెళ్లయిన ఆరేళ్లకి ఇంట్లో ఒక్కణ్నే మళ్లీ చూశాను. ఆ సీన్ అయ్యాక సినిమా ఆపేసి బాల్కనీలోకి వెళ్లి నిలబడ్డాను. మిగతాది మర్నాడు చూశాను. ఆ సంగతి ఇంతకన్నా ఏమీ చెప్పను.

విమర్శకుల దగ్గరికి వద్దాం. వాళ్లని ఊరికే తిట్టడం నాకు ఇష్టం లేదు, వాళ్లలో చాలామంది నిజాయితీగానే రాశారు. న్యూయార్క్ టైమ్స్ సంగతే చూడండి. సినిమా విమర్శకురాలు జానెట్ మాస్లిన్ మెచ్చుకుంటూ రాసింది. కొద్ది రోజుల తేడాతో అదే పత్రికలో, పుస్తకాల మీద రాసే మిచికో కాకుటాని తీవ్రంగా విమర్శించింది. ఆ పెళ్లీ ఆ మనుషులూ నమ్మేలా లేరని, సినిమా చల్లగా ఉందని. రోజర్ ఈబర్ట్ నాలుగుకి మూడున్నర నక్షత్రాలు ఇచ్చాడు. షికాగో రీడర్‌లో జొనథన్ రోజెన్‌బామ్ కుబ్రిక్ గొప్ప పనుల్లో ఒకటన్నాడు. చాలామంది మాత్రం, కొండను తవ్వి ఎలుకను పట్టాడు అన్న ధోరణిలోనే రాశారు.

వాళ్ల ఫిర్యాదులు ప్రధానంగా రెండు. ఒకటి, ఇది న్యూయార్క్ కాదు. నిజమే, కాదు. కుబ్రిక్ విమానం ఎక్కడు. గ్రెనిచ్ విలేజ్ వీధుల్ని లండన్ దగ్గర పైన్‌వుడ్ స్టూడియోలో కట్టించాడు. అసలు వీధుల వెడల్పు ఎంత, పేపర్లు అమ్మే పెట్టెలు ఎంతెంత దూరంలో ఉన్నాయి అని మనుషుల్ని పంపి కొలిపించాడు. ఆ పైన క్రూజ్‌ని ట్రెడ్‌మిల్ మీద నడిపిస్తూ వెనక తెర మీద వీధిని ఆడించాడు. చూస్తే తెలిసిపోతుంది. న్యూయార్క్ విమర్శకులు రోజూ నడిచే వీధులు అవి, వాళ్లకి తెలియకుండా ఉంటుందా? కాని ఒక్కటి గమనించండి. అన్ని కొలతలూ తీసుకున్న మనిషికి దాన్ని నిజంలా చూపించడం చేతకాదా? మనకి కలలో మన వీధి వస్తుంది చూడండి, మలుపులన్నీ సరిగ్గానే ఉంటాయి, కాని మన వీధి కాదు. వెలుతురు కూడా అంతే. దాదాపు ప్రతి ఇంట్లో క్రిస్మస్ చెట్టు, రంగు బల్బులు. చాలా చోట్ల ఆ బల్బుల వెలుగులోనే తీశారు, ఫిల్మ్‌ని ల్యాబులో ఎక్కువసేపు డెవలప్ చేయించారు. అందుకే ఆ దీపాల చుట్టూ ఆ మసక, ఆ గింజలు. చెట్టు లేనిది ఒకే ఒక్క ఇల్లు, ఆ ముసుగుల భవనం.

రెండో ఫిర్యాదు బిలియర్డ్ గది సీన్. సిడ్నీ పొలాక్ వేసిన జీగ్లర్, మొదట్లో పార్టీ ఇచ్చిన ధనవంతుడు, బిల్‌ని పిలిచి అంతా విప్పి చెబుతాడు. రాత్రి జరిగింది నాటకం, నిన్ను భయపెట్టడానికి చేసింది, భవనంలో నిన్ను కాపాడటానికి అడ్డుపడిన ఆ అమ్మాయి తన మత్తుమందు వల్లే చనిపోయింది అంటాడు. ఈ పాత్ర నవలలో లేదు, సినిమా కోసం పెట్టారు. థ్రిల్లర్‌లో చివర పోలీసు వచ్చి వివరించినట్టు ఉందని విమర్శకులు విసుక్కున్నారు. నాకు ఇక్కడే వాళ్ల మీద ఆశ్చర్యం. ఆ వివరణ ఇస్తున్నది ఎవరు? అబద్ధం చెప్పాల్సిన అవసరం అందరికన్నా ఎక్కువ ఉన్నవాడు. మొదటి పార్టీలో అదే అమ్మాయి ఒంటి మీద బట్టల్లేకుండా స్పృహ తప్పి కుర్చీలో పడి ఉంటే, ప్యాంటు సర్దుకుంటూ, ఎంత తొందరగా బయటికి పంపించేయొచ్చా అని ఆలోచించినవాడు. అతను చెప్పింది విని బిల్ తల ఊపాడు. సగంమంది విమర్శకులు కూడా తల ఊపారు.

రేటింగు గొడవ మీకు తెలిసే ఉంటుంది, అది క్లుప్తంగా చెబుతాను. పిల్లలు పెద్దవాళ్లతో కలిసి చూడగలిగే ‘ఆర్’ రేటింగ్ తెచ్చి ఇవ్వాలని కుబ్రిక్‌తో స్టూడియోకి ఒప్పందం. దానికి మించినది ఎన్‌సీ-17, అది వస్తే చాలా థియేటర్లు వేయవు, చాలా పత్రికలు ప్రకటన తీసుకోవు. అందుకని భవనం సీన్‌లో 65 సెకన్ల పాటు, జంటల ముందు కంప్యూటర్‌తో తయారుచేసిన నల్ల అంగీల మనుషుల్ని నిలబెట్టారు. యూరప్‌లో అవి లేవు. లాస్ ఏంజెలస్, న్యూయార్క్ విమర్శకుల సంఘాలు రేటింగ్ బోర్డుని తప్పుపట్టాయి, ఈబర్ట్ కూడా గట్టిగా రాశాడు. అమెరికన్లకి అసలు రూపం డీవీడీలో దొరికింది 2007లో. చనిపోయిన దర్శకుడి ఫ్రేములో ఇంకెవరో బొమ్మలు నిలబెట్టడం తప్పే, అందులో నాకు రెండో మాట లేదు. కాని దానివల్ల ఇంకో నష్టం జరిగింది. 159 నిమిషాల సినిమా గురించి జరగాల్సిన చర్చంతా 65 సెకన్ల చుట్టూ తిరిగింది. ఏం దాచారు, ఎంత దాచారు అన్నదే మిగిలింది.

ఇప్పుడు మనకి దగ్గరి విషయం ఒకటి. ఇది కొంచెం నిదానంగా చెప్పాలి.

ఆ భవనం సీన్‌కి సంగీతం జోసెలిన్ పుక్ అనే ఇంగ్లీషు సంగీతకారిణిది. ముందు వచ్చే మంత్రంలాంటి గొంతు, రుమేనియాలో చర్చి ప్రార్థన. రికార్డు చేసి వెనక నుంచి ముందుకి తిప్పారు. తర్వాత బిల్ గది గది తిరుగుతున్నప్పుడు వచ్చే పాట పాడింది మాణిక్కం యోగేశ్వరన్, లండన్‌లో ఉండే కర్ణాటక సంగీత గాయకుడు. థియేటర్లలో మొదట విడుదలైన సినిమాలో ఆ పాటలో ఉన్నది భగవద్గీత శ్లోకం. "పరిత్రాణాయ సాధూనాం వినాశాయ చ దుష్కృతామ్". మన తాతలు, నానమ్మలు పొద్దున్నే చదువుకునే శ్లోకం. దాని వెనక నగ్నంగా జంటలు.

అమెరికాలోని హిందువులు అభ్యంతరం చెప్పారు. వార్నర్ బ్రదర్స్ క్షమాపణ చెప్పింది. ఆ గాయకుడితోనే అలాంటి మరో పాట పాడించి, తర్వాతి కాపీల్లో శ్లోకం తీసేసింది. పోయిన ఆదివారం మీరు విన్నది ఆ మార్చిన పాటే.

నేను సాధారణంగా సినిమాల మీద కత్తెర వేయడాన్ని వ్యతిరేకిస్తాను. కాని ఈ అభ్యంతరం నాకు అర్థమవుతుంది, న్యాయంగానే అనిపిస్తుంది. కుబ్రిక్ ఆ శ్లోకాన్ని అర్థం కోసం పెట్టలేదు, వినసొంపైన శబ్దం అనుకుని పెట్టాడు. దూరదేశపు, తెలియని, కాస్త భయపెట్టే శబ్దం. మనకి అది శబ్దం కాదు, మాట. సాధువుల్ని రక్షించడానికి, దుష్టుల్ని శిక్షించడానికి అని మనకి వినబడిపోతుంది, చెవులు మూసుకున్నా వినబడుతుంది. కొలతలు తీసి వీధులు కట్టించిన మనిషి ఆ మాటకి అర్థం ఏమిటో కనుక్కుని కూడా పెట్టాడా, కనుక్కోకుండానే పెట్టాడా? రెండూ నాకు బాధగానే ఉంటాయి. కుబ్రిక్ అంటే నాకు ఎంత గౌరవమో మీకు తెలుసు. ఇది మాత్రం ఆయన చేసిన తప్పు.

అయితే దీన్లో ఇంకో సంగతి ఉంది. అన్ని పత్రికల్లో అన్ని వేల మాటల సమీక్షలు వచ్చాయి కదా, దాదాపు ఎవరూ ఆ పాటలో మాటలు విననేలేదు. వాళ్లకీ అది శబ్దమే. విన్నవాళ్లు ఎవరు? ఆ మాటలు ముందే తెలిసినవాళ్లు. నౌకాదళ ఆఫీసర్ గురించి ఆలిస్ చెప్పిన మాట కూడా అలాంటిదే. దాన్ని ముందే లోపల మోస్తున్నవాళ్లకి పిడుగులా వినిపిస్తుంది. మిగతావాళ్లకి అది తర్వాతి సీన్ కోసం వేచి ఉండే ఐదు నిమిషాల డైలాగు.

సినిమా మీద అభిప్రాయం మారడానికి ఎక్కువ కాలం పట్టలేదు. 1999 అక్టోబర్‌లోనే హార్పర్స్ పత్రికలో లీ సీగల్, విమర్శకులు సినిమాని కాకుండా ప్రచారాన్ని సమీక్షించారని పెద్ద వ్యాసం రాశాడు. మార్టిన్ స్కోర్సేసీ 90లలో తనకి నచ్చిన సినిమాల్లో దీన్ని నాలుగో స్థానంలో పెట్టాడు. 2000లో ఫిల్మ్ క్వార్టర్లీలో టిమ్ క్రైడర్ రాసిన వ్యాసం నాకు కళ్లు తెరిపించింది. ఇది పడకగది సినిమా కాదు, డబ్బు సినిమా అంటాడు అతను. ఆ తర్వాత చూస్తే ఎక్కడ చూసినా డబ్బే. బిల్ టాక్సీవాడికి వంద డాలర్ల నోటు చించి సగం ఇస్తాడు, మిగతా సగం వెయిట్ చేస్తే ఇస్తానంటాడు. అంగీ అద్దెకిచ్చేవాడికి అద్దె మీద ఇంకో రెండొందలు. ఎక్కడికి వెళ్లినా డాక్టరు కార్డు తీసి చూపిస్తాడు. అతని పేరు బిల్, ఇంగ్లీషులో నోటుకీ అదే మాట. అన్ని తలుపులూ తెరుచుకుంటాయి అనుకున్న ఆ డాక్టరు, జీగ్లర్ ఇంట్లో మాత్రం పిలిస్తే వచ్చి పని చేసి వెళ్లే మనిషి. వీధిలో కలిసిన అమ్మాయిలాగా, పియానో వాయించే స్నేహితుడిలాగా. అది అతనికి బిలియర్డ్ గదిలో అర్థమవుతుంది. మిషెల్ షియో 2002లో ఒక చిన్న పుస్తకమే రాశాడు. 2019లో రాబర్ట్ కోల్కర్, నేథన్ అబ్రామ్స్ దీని తయారీ మీద పెద్ద పుస్తకం తెచ్చారు.

కుబ్రిక్‌కి ఇది కొత్త కాదు లెండి. ‘ద షైనింగ్’ వచ్చినప్పుడు చెత్త దర్శకుడు అని, చెత్త సినిమాలని ఎగతాళి చేస్తూ ఇచ్చే ‘రాజీ’ (Razzie) అవార్డుకి నామినేట్ చేశారు. ఇవాళ ఆ సినిమాని పాఠంగా చెబుతున్నారు.

ఈ మధ్య ఇంకో గోల మొదలైంది. కుబ్రిక్ ధనవంతుల రహస్య సంఘాల గుట్టు బయటపెట్టాడని, అందుకే చంపేశారని, సినిమాలో ఇరవై నాలుగు నిమిషాలు మాయం చేశారని. కుర్రాళ్లు నాకు వీడియోలు పంపిస్తున్నారు. దీనికి ఆధారం ఏదీ లేదు. నాకు బాధ కలిగించేది వేరు. 1999లో జనం ఆ భవనంలో సుఖం వెతికారు, ఇప్పుడు కుట్ర వెతుకుతున్నారు. అప్పుడూ ఇప్పుడూ అందరి కళ్లూ భవనం మీదే. పడకగదిలో నేల మీద కూర్చున్న ఆ మనిషి వైపు ఎవరూ చూడటం లేదు.

ఇందాక టీ దగ్గర ఒక అమ్మాయి అడిగింది, "మరి ఆలిస్ ఎక్కడుంది సార్? మధ్యలో గంటన్నర ఆమె దాదాపు కనిపించదు. ఆమె ఒక్క మాట చెబితే రాత్రంతా అతను తిరిగాడు. ఆమె రాత్రి ఏమైంది?" అని. మంచి ప్రశ్న, అమ్మా. నా దగ్గర దీన్ని సమర్థించే మాట లేదు. సినిమా బిల్ కళ్లతో నడుస్తుంది, భవనంలో ఉన్న ఆడవాళ్లకి మొహాలు కూడా ఇవ్వలేదు. కిడ్‌మన్ లాంటి నటిని పెట్టుకుని అంతసేపు పక్కన కూర్చోబెట్టడం నాకూ వెలితిగానే ఉంటుంది. కాని బిల్ తెల్లవారుజామున ఇంటికి వచ్చేసరికి ఆమె నిద్రలో నవ్వుతూ ఉంటుంది, గుర్తుందా? లేపితే ఏడుస్తూ కల చెబుతుంది. ఆ కలలో బోలెడంతమంది మగవాళ్లు, ఆమె, చూస్తున్న భర్త, అతన్ని చూసి నవ్వు. అంటే అతను ఊరంతా తిరిగి చూడబోయినది ఆమె మంచం మీదే పడుకుని చూసేసింది. ఆమె రాత్రి అది. కెమెరా మనకి చూపించలేదు, ఆమె నోటితో చెప్పించింది. సరిపోతుందా అంటే, నాకు సరిపోలేదు.

చివరి సీన్ బొమ్మల షాపులో. కూతురు అటూ ఇటూ తిరుగుతూ ఉంటుంది. ఇక ఎప్పటికీ ఇలాగే అంటాడు బిల్. ఆ ‘ఎప్పటికీ’ అనే మాట వద్దు, నాకు భయమేస్తుంది అంటుంది ఆలిస్. మనం వెంటనే చేయాల్సిన పని ఒకటుంది అని, ఇంగ్లీషులో నాలుగక్షరాల మాట ఒకటి అంటుంది. తెర నల్లబడుతుంది. కుబ్రిక్ సినిమాల్లో ఆఖరి మాట అది. పెద్దాయనగారూ, మీరు ‘ఇంతేనా’ అన్నది ఆ మాట తర్వాతే. రెండున్నర గంటలు ప్రపంచమంతా వెతికి, ఇంట్లో మనిషి దగ్గరికి వచ్చి ఆగింది. మీకు చాలలేదంటే మీతో వాదించను. 1999లో చాలామందికి చాలలేదు.

నా మాటలు ఇక్కడ ఆపుతాను. ఇప్పుడు పడకగది సీన్ ఒక్కటి మళ్లీ వేయిస్తాను. ఈసారి ఆలిస్ వైపు కాకుండా, ఆమె చెబుతున్నంతసేపూ మధ్య మధ్యలో చూపించే బిల్ మొహాన్ని మాత్రమే చూడండి. ఫోన్ మోగే దాకా ఎవరూ మాట్లాడొద్దు. బాబూ, లైట్లు తీసెయ్.